వంటలు దాచుకునే సాఫ్ట్‌వేర్: ఒడిశా సరిహద్దు తెలుగిళ్ళకి ఏది నప్పుతుంది

వంటల్ని కంప్యూటర్లో పెట్టుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని వెతికితే దొరికే జాబితాలన్నీ దాదాపు అవే నాలుగు సంగతులు చెబుతాయి: వెబ్‌సైట్ నుంచి వంటని ఒక్క నొక్కుతో లాగేసుకుంటుంది, వారం మెనూ వేసిపెడుతుంది, సరుకుల చీటీ రాసిస్తుంది, కేలరీలు లెక్కకడుతుంది. బాగానే ఉంది. కానీ బరంపురంలోనో పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో రాయగడలోనో జయపురంలోనో ఉన్న తెలుగింటికి అసలు చిక్కు ఇంకోచోట ఉంటుంది. అమ్మమ్మ తెలుగులో రాసిపెట్టింది, కోడలికి తెలుగూ ఒడియా రెండూ వచ్చు, మనవడు ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో ఒడియా, ఇంగ్లీషు తప్ప నేర్పలేదు కాబట్టి తెలుగు అక్షరం చదవలేడు. పైగా ఒకే కూరగాయకి ఇంట్లో రెండు పేర్లు, మార్కెట్లో మూడో పేరు. ఇలాంటి ఇంట్లో సాఫ్ట్‌వేర్‌ని ముందు రెండే ప్రశ్నలు అడగాలి. రాసిపెట్టింది వెతికితే మళ్ళీ దొరుకుతుందా? రేపు ఆ కంపెనీ ఎత్తేస్తే మన రాత మనకి తిరిగొస్తుందా?

వెబ్‌సైట్ నుంచి లాగడం అనే ఫీచర్ సంగతి మొదట తేల్చేసుకుందాం, ఎందుకంటే ప్రకటనల్లో ఎక్కువ మోగేది అదే. 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి స్కీమా డాట్ ఆర్గ్ అనే ఉమ్మడి పద్ధతి మొదలుపెట్టాయి. వంటల సైట్లు తమ పేజీ లోపల, చదివేవాళ్ళకి కనపడకుండా, ఇది సరుకుల పట్టిక, ఇది చేసే విధానం, ఇది పట్టే టైమ్ అని ఆ పద్ధతిలో గుర్తులు పెడతాయి. సాఫ్ట్‌వేర్ ఆ గుర్తుల్ని చదివి వంటని విడగొట్టి దాచుకుంటుంది. పెద్ద ఇంగ్లీషు సైట్ల దగ్గర ఇది చక్కగా నడుస్తుంది. మీ ఇంట్లో ఆవపెట్టి చేసే పనసపొట్టు కూర మాత్రం అత్తగారి నోట్‌బుక్కులో ఉంటుంది, లేదా వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో ఉంటుంది, లేదా ఎవరి నోట్లోనో ఉంటుంది. వాటిలో ఏ గుర్తులూ ఉండవు. కాబట్టి ఆ ఒక్క ఫీచర్ చూసి డబ్బులు కట్టడం దండగ.

వెతకడం దగ్గరికొద్దాం, అసలు తలనొప్పి అక్కడే. కంప్యూటర్ వెతికేది అక్షరాలనే గాని అర్థాన్ని కాదు. చోళ్ళు అని రాసినది రాగులు అని వెతికితే రాదు, ఒడియా పేరు మాండియాతో వెతికితే అసలే రాదు, మూడూ ఒకే గింజ అయినా సరే. ఆనపకాయ, సొరకాయ, లావు; గుమ్మడికాయ, కఖారు; చామదుంప, సారు; ఉలవలు, కోలథ; ఈ జంటలు సరిహద్దు ఇళ్ళలో రోజూ కలిసి తిరిగేవే. దీనికంటే చిలిపిది కాలాజీరా. ఒడియాలో పంచఫుటణ పోపులో ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపుతో పాటు వేసే నల్లటి గింజ, అంటే కలోంజీ, దాని పేరు అది. కోరాపుట్ జిల్లాలో పండే చిన్నగింజ సువాసన బియ్యం పేరూ అదే, 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది దానికే. హిందీ రాతలున్న పొట్లంలో అదే పేరుతో షాజీరా కూడా అమ్ముతారు. ఖీరి (పాయసం) ఫైల్లో కాలాజీరా గ్లాసెడు అని రాసుంటే అది బియ్యమని పెద్దవాళ్ళకి తెలుసు, కొత్తగా వంట నేర్చుకునే పిల్లాడికి తెలియాలని లేదు.

పేర్లతోనే అయిపోలేదు. నీళ్ళు అని ళ కింద ళ వత్తు పెట్టి రాసేవాళ్ళున్నారు, నీళ్లు అని ల వత్తు పెట్టేవాళ్ళూ ఉన్నారు. కంటికి పెద్ద తేడా ఉండదు, కంప్యూటర్‌కి అవి రెండు వేరే మాటలు. కందిపప్పుని కలిపి రాస్తే ఒకటి, విడిగా రాస్తే ఇంకొకటి. ఫ్రిజ్‌లో, మిక్సీజార్‌లో లాంటి మాటల్లో పొల్లు నిలబడటానికి కీబోర్డు మధ్యలో కనపడని గుర్తు ఒకటి పెడుతుంది, ఇంకో కీబోర్డు పెట్టదు, ఆ తేడాకి కూడా వెతుకులాట తప్పిపోవచ్చు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇంకా ఘోరం: వాటి లోపలి ఇండెక్స్ గుణింతపు గుర్తుల్ని అక్షరంగా లెక్కించక మాటని అక్కడికక్కడ ముక్కలు చేసేస్తుంది, అప్పుడు సరిగ్గా రాసినదే సరిగ్గా వెతికినా దొరకదు. ఇదంతా కొనకముందే తేల్చుకోవచ్చు. ట్రయల్‌లో ఓ అయిదారు వంటలు ఎక్కించి, మెంతిపెట్టిన కాకరకాయ, శొంఠి, చోళ్ళు, పెసరట్టు అని వెతికి చూడటానికి పది నిమిషాలు చాలు.

పేర్ల సమస్యకి మందు ఉంది, దాన్ని మారుపేర్లు అనుకుందాం. అబ్సిడియన్ అనే నోట్స్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి నోట్ పైన మారుపేర్లు రాసుకునే జాగా తయారుగా ఉంటుంది. ఆనపకాయ పులుసు అనే నోట్‌కి సొరకాయ పులుసు, లావు పులుసు అని తగిలిస్తే ఏ పేరుతో తెరిచినా అదే వస్తుంది. మీలీ, టాండూర్ అనే రెండు ఉచిత ఓపెన్ సోర్స్ వంటల సాఫ్ట్‌వేర్లలో సరుకుల పేర్లకే మారుపేర్లు పెట్టుకోవచ్చు, అంటే చోళ్ళు అంటే రాగులే అని ఒక్కసారి చెప్పేస్తే చాలు. అలాంటి సదుపాయం లేని సాఫ్ట్‌వేర్‌లో వంట చివర మిగతా పేర్లన్నీ ఒక లైనుగా రాసెయ్యడమే. చూడటానికి బాగోదు, పని మాత్రం జరుగుతుంది.

ఇక తెలుగు చదవలేని మనవడి సంగతి. అతనికి ఒడియా అనువాదం అక్కర్లేదు, మాట తెలుగే అర్థమవుతుంది, అక్షరాలు మాత్రం ఒడియావి కావాలి. లిపి మార్చడం కంప్యూటర్‌కి తేలిక పనుల్లో ఒకటి, ఎందుకంటే ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో భారతీయ లిపుల్ని ఒకే వరసలో పేర్చారు: ఒడియా క ఉన్న స్థానానికి సరిగ్గా 256 గళ్ళ అవతల తెలుగు క ఉంటుంది, చాలా అక్షరాలకి ఇదే లెక్క. అయితే ఒడియాలో హ్రస్వ ఎ, హ్రస్వ ఒ లేవు, ఆ గళ్ళు ఖాళీ, కాబట్టి గుడ్డిగా గళ్ళు జరిపితే పెరుగు, కొబ్బరి లాంటి మాటల్లో డబ్బాలు కనిపిస్తాయి. అక్షరముఖ అనే ఉచిత ఆన్‌లైన్ సాధనం ఇలాంటివి చూసుకుని మారుస్తుంది. ఒడియా చదువరి అకారాన్ని ఒకారంలాగా పలుకుతాడు గనక కందిపప్పు మొదట్లో కొంచెం వింతగా వినిపిస్తుంది, రెండు వంటలు చదివేసరికి అలవాటైపోతుంది. ముఖ్యమేమిటంటే ఇది జరగాలంటే వంట టెక్స్ట్‌గా ఉండాలి. నోట్‌బుక్కు పేజీ ఫొటో తీసి పెట్టేస్తే లిపీ మారదు, వెతుకులాటా ఉండదు. ఫొటో ఉంచుకోండి, చేతిరాత విలువ చేతిరాతదే, కానీ దాని కింద టెక్స్ట్ కూడా ఉండాలి.

పాత డీటీపీ రోజుల్లో ఎవరైనా వంటల్ని టైపు చేయించి ఉంటే ఆ ఫైళ్ళు బహుశా 'అను' అనే పేరున్న పాత తెలుగు ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్ కావు. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఆన్‌లైన్లో ఉన్నాయి, మార్చాక ఒత్తులు ఒకసారి కంటితో చూసుకోవాలి, అంతే.

కొలతల దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి. అన్ని వంటల సాఫ్ట్‌వేర్లూ గొప్పగా చెప్పుకునే పని ఒకటుంది, నలుగురికి రాసిన వంటని పదిమందికి పెంచి చూపించడం. అది అంకె ఉంటేనే చేస్తుంది. చారెడు, పిడికెడు, చింతపండు నిమ్మకాయంత, ఉప్పు తగినంత అని రాసుంటే దానికి చేసేదేం ఉండదు, అలాగే వదిలేస్తుంది, కొన్నయితే ముందున్న అంకెని మాత్రం పెంచేసి మిగతాది వదిలేసి కూరని పాడుచేస్తాయి. పాత కొలతలది ఇంకో గొడవ. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోవి. మద్రాసు లెక్కలో పలం మూడు తులాలు, ఎనిమిది పలాలు శేరు, అయిదు శేర్లు వీశె. అంటే పలం దాదాపు 35 గ్రాములు, శేరు 280, వీశె 1,400. దేశంలో ఇతరచోట్ల ఎక్కువగా నడిచిన శేరు 80 తులాలది, దాదాపు 933 గ్రాములు. ముత్తవ్వ కాలం నుంచి వస్తున్న ఊరగాయ లెక్కలో శేరు మామిడికాయ ముక్కలకి అని ఉంటే అది ఏ శేరో ముందు తేలాలి, మూడు రెట్లకి పైగా తేడా. సోల, తవ్వ, మానిక తూకాలు కావు, పాత్ర కొలతలు, ఊరు మారితే మారేవి. ఇంట్లో ఆ పాత్ర ఇంకా ఉంటే దాన్ని నీళ్ళతో నింపి, ఆ నీళ్ళని వంటింటి త్రాసు మీద తూచేస్తే పని అయిపోతుంది. ఎన్ని గ్రాముల నీళ్ళో అన్ని మిల్లీలీటర్లు. ఆ అంకెని సాఫ్ట్‌వేర్‌లో కొలతల పట్టికలో పెట్టుకోవాలి. మీలీ, టాండూర్‌లో కొత్త కొలతలు మనమే చేర్చుకోవచ్చు. కప్పులు, ఔన్సులు తప్ప ఏవీ ఒప్పుకోని సాఫ్ట్‌వేర్‌ని అక్కడే పక్కన పెట్టెయ్యొచ్చు.

ఉప్పు గురించి విడిగా చెప్పాలి. పాత లెక్కలన్నీ కళ్ళుప్పువి. అదే గ్లాసుతో మెత్తటి ప్యాకెట్ ఉప్పు పోస్తే పలుకుల మధ్య పెద్ద ఖాళీలుండవు కాబట్టి బరువు ఎక్కువ పడుతుంది, ఆవకాయ ఉప్పగా అవుతుంది. బరంపురం ఊరగాయలకి, అప్పడాలకి పేరున్న ఊరు, అక్కడ ఇళ్ళలో ఈ లెక్కలు పెద్దవాళ్ళ చేతివేళ్ళలో ఉంటాయి, కాగితం మీద ఉండవు. టైపు చేసేటప్పుడు ఒక గ్లాసు ఉప్పు అని వదిలెయ్యకుండా ఏ ఉప్పు, ఎన్ని గ్రాములు అని ఒకసారి తూచి రాయాలి. ఆవపిండి, కారం కూడా అంతే, కొట్టినది, మరపట్టించినది గ్లాసులో ఒకేలా పట్టవు. సాఫ్ట్‌వేర్‌లో సరుకు పక్కన చిన్న నోట్ రాసుకునే జాగా ఉందా అని చూసేది ఇందుకే.

పండగల విషయంలో ఒక చిక్కు చాలామందికి తట్టదు. వంటలకి నెల పేరుతో ట్యాగ్ పెట్టుకోవడం సహజంగా తోచే పని. ఒడియావాళ్ళు చాంద్రమాస నెలని పున్నమితో ముగిస్తారు, తెలుగువాళ్ళం అమావాస్యతో ముగిస్తాం, అందుకని బహుళ పక్షంలో వచ్చే పండగలకి నెల పేరు మారిపోతుంది. పసుపు ఆకుల్లో ఆవిరి మీద ఎండురి పిఠా చేసే ప్రథమాష్టమి ఒడియా పంజికలో మార్గశిరం, మన పంచాంగంలో అదే రోజు కార్తీక బహుళ అష్టమి. పక్కింటివాళ్ళ దగ్గర నేర్చుకున్న వంటకి మార్గశిరం అని ట్యాగ్ పెట్టి, పంచాంగం చూసి నెల వచ్చాక వెతుక్కుంటే పండగ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. నెలతో కాకుండా పండగ పేరుతోనే ట్యాగ్ పెట్టుకుంటే ఈ గొడవ లేదు: ప్రథమాష్టమి, రజో, నాగుల చవితి, లక్ష్మివారం. సాఫ్ట్‌వేర్లలో ఉండే మెనూ క్యాలెండర్‌కి వీటిలో ఏదీ తెలియదు, దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

రెండో ప్రశ్న, రాత తిరిగి రావడం. వంటల సాఫ్ట్‌వేర్ల చరిత్ర చూస్తే కాస్త భయమే వేస్తుంది. ఎవర్‌నోట్ కంపెనీ వంటల కోసం విడిగా తెచ్చిన ఎవర్‌నోట్ ఫుడ్‌ని 2015లో ఎత్తేసింది. మామూలు ఎవర్‌నోట్‌లో ఉచిత ఖాతాకి 2023 చివర్లో 50 నోట్ల హద్దు పెట్టారు. ఊరగాయలు, పొడులు కలిపితేనే ఓ ఇంటికి 50 దాటతాయి. విస్క్ అనే యాప్‌ని 2019లో శామ్‌సంగ్ కొని 2023లో శామ్‌సంగ్ ఫుడ్‌గా మార్చింది, అది నడుస్తూనే ఉంది, కానీ మొదట చేరినవాళ్ళు ఒప్పుకున్నది వేరే కంపెనీ షరతుల్ని. వీటన్నిటికీ ఎదురుగా డాస్ కాలపు మీల్‌మాస్టర్‌ని చూడండి. సాఫ్ట్‌వేర్ ఎప్పుడో మూలపడింది, అది బయటికిచ్చిన వంటల ఫైళ్ళు ఉత్త టెక్స్ట్ కాబట్టి ఇవాళ్టికీ తెరుచుకుంటాయి, వాటిని దిగుమతి చేసుకునే సాఫ్ట్‌వేర్లు ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు దేన్ని ఎంచుకోవాలి? డబ్బులిచ్చి కొనేవాటిలో పాప్రికా నమ్మదగ్గది. నెలనెలా చందా లేదు, ఒకసారి కొనడమే, కాకపోతే విండోస్‌కి వేరే, ఆండ్రాయిడ్‌కి వేరే కొనాలి, ఇది కొంతమందికి నచ్చదు. వంటలు ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి రాయగడ, మల్కన్‌గిరి కొండల్లో సిగ్నల్ పోయినా తెరుచుకుంటాయి. బయటికి తీసుకునేటప్పుడు దాని సొంత ఫార్మాట్‌తో పాటు హెచ్‌టీఎంఎల్‌గానూ ఇస్తుంది, అది ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది. మీలీ, టాండూర్ ఫీచర్లలో ఇంకా ముందున్నాయి, కానీ వాటికి సర్వర్, అంటే ఎప్పుడూ నడుస్తుండే కంప్యూటర్ కావాలి, దాని మీద డాకర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, అప్‌డేట్లు చూసుకోవాలి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఐటీ ఉద్యోగం చేసే అబ్బాయి పండక్కి వచ్చి ఉత్సాహంగా పెట్టివెళ్తాడు, తర్వాత ఓ రోజు కరెంటు పోయి సర్వర్ లేవకపోతే ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసి అతను మీటింగులోంచి బయటికొచ్చేదాకా కూర ఆగాలి. ఇంట్లో ఉండే మనిషికే ఆ పని తెలిస్తే తప్ప వద్దు.

చాలా ఇళ్ళకి సరిపోయేది వీటన్నిటికంటే సాదాది. వంటకొక టెక్స్ట్ ఫైలు, అన్నీ ఒక ఫోల్డర్‌లో, దాని మీద అబ్సిడియనో, అలాంటిదే అయిన జాప్లినో పెట్టుకోవడం. ఈ రెండూ ఉచితంగానే దొరుకుతాయి. అబ్సిడియన్ ఫైళ్ళు మామూలు టెక్స్టుగానే ఫోల్డర్‌లో పడుంటాయి, రేపు అది లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరవొచ్చు. జాప్లిన్ తన డేటాబేస్‌లో దాస్తుంది కానీ టెక్స్ట్‌గా బయటికి ఇస్తుంది. కొంచెం ఓపికున్నవాళ్ళకి కుక్‌లాంగ్ అనే రాత పద్ధతి ఉంది, సరుకు పేరు ముందు @ గుర్తు, వెనక మీసాల బ్రాకెట్లలో కొలత రాస్తే, మామూలు వాక్యంలోంచే సరుకుల చీటీ తయారవుతుంది. సరుకుల కొట్టుకి వెళ్ళేముందు పనికొస్తుంది, లేకపోయినా నష్టం లేదు.

టెక్స్ట్ ఎంత చోటు తింటుందో అన్న టెన్షన్ అక్కర్లేదు. యూనికోడ్‌ని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకి మూడేసి బైట్లు. వెయ్యిన్నర అక్షరాల వంట నాలుగున్నర కిలోబైట్లు, అలాంటివి 500 ఉన్నా రెండు మెగాబైట్లు దాటి కాస్త. ఫొటోలే చోటు తినేవి.

బయటికి తీయడాన్ని కూడా ముందే పరీక్షించుకోవాలి, మాట వరసకి ఉందని నమ్మకూడదు. పీడీఎఫ్‌గా ఇచ్చే చాలా సాఫ్ట్‌వేర్లు తెలుగు ఒత్తుల్ని విడగొట్టేస్తాయి, ఎందుకంటే వాటి పీడీఎఫ్ భాగానికి అక్షరాల్ని కలపడం రాదు. ఆవపెట్టిన అన్న మాట ప్రింటులో ఎలా వస్తుందో చూస్తే విషయం తెలిసిపోతుంది. సీఎస్‌వీగా, అంటే కామాలతో విడగొట్టిన పట్టికగా తీసి ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగంతా చెత్తగా కనిపించొచ్చు, ఫైలు బాగానే ఉంటుంది, డేటా మెనూలోంచి దిగుమతి చేస్తూ యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిగ్గా వస్తుంది. ఇది తెలియక ఫైలు పాడైందని పారేసినవాళ్ళు ఉంటారు.

మిగిలింది ఎక్కించడం, అందరూ చతికిలబడేది ఇక్కడే. 1969లో హనీవెల్ కంపెనీ వంటింటి కంప్యూటర్ అని ఒకదాన్ని అమెరికాలో నీమన్ మార్కస్ దుకాణాల కేటలాగులో పెట్టింది, వెల పది వేల డాలర్లకి పైనే, వాడాలంటే రెండు వారాల శిక్షణ, వంట ఎక్కించాలంటే స్విచ్‌లు పైకీ కిందకీ నొక్కాలి. ఒక్కటీ అమ్ముడైన దాఖలా లేదు. ఇప్పుడు అంత కష్టం లేదు గాని నోట్‌బుక్కు మొత్తం ఒకేసారి టైపు చేద్దామని కూర్చుంటే మూడో రోజుకి మూలపడుతుంది. ఫోన్‌లో జీబోర్డుకి తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, అమ్మమ్మ చెబుతుంటే ఒకరు ఫోన్ పట్టుకుంటే సగం పని అయినట్టే, తర్వాత స్పెల్లింగ్ ఒకే పద్ధతిలోకి దిద్దుకోవాలి. గూగుల్ లెన్స్ అచ్చు తెలుగుని బాగానే చదువుతుంది, చేతిరాతని, అందులోనూ నూనె మరకలున్న పేజీని నమ్మలేం. ఏ వంట చేసిన రోజు ఆ వంట ఎక్కించడమే నయం, త్రాసు కూడా ఎలాగూ గట్టు మీదే ఉంటుంది. మొదట ఎక్కించాల్సినవి ఊరగాయలు, పొడులు, వడియాలు. పప్పుచారు ఎలా చేయాలో ఇంట్లో అందరికీ తెలుసు, ఏడాదికోసారి చేసే వాటి లెక్కలే ముందు మర్చిపోతారు.

ఫోల్డర్‌ని గూగుల్ డ్రైవ్ లాంటి చోట కాపీ ఉంచుకుంటే ఉచితంగా వచ్చే 15 జీబీలో ఓ మూలకి సరిపోతుంది. ఖాతా ఒక్కరి ఫోన్ నంబరుకే ముడిపడి ఉంటే ఆ సిమ్ పోయినప్పుడు అందరికీ తాళం పడుతుంది, కాబట్టి ఫోల్డర్‌ని ఇంట్లో ఇంకో ఇద్దరితో షేర్ చేసి, వాళ్ళలో ఒకరికి మార్చే హక్కు కూడా ఇచ్చి ఉంచాలి. మిగతావాళ్ళకి చదివే హక్కు చాలు, లేకపోతే సంక్రాంతికి ఇంటికొచ్చిన మేనత్త తన చేత్తో అరిసెల పాకం లెక్క మార్చేసి వెళ్తుంది.